మలావీలో ఎనిమిది రోజులు: వసారా బ్యాంకు, చెట్టు కింద బడి

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. బ్యాగులోంచి తీసిన చీరలకి ఇంకా అక్కడి ఎర్రమట్టి అంటుకునే ఉంది. మనసులో ఉన్నది చెదరక ముందే రాసేయాలని కూర్చున్నాను.

నేను కర్నూలు జిల్లాలో పొదుపు సంఘాలతో ఇరవై రెండేళ్లు పనిచేశాను. మొదట సంఘాల లెక్కలు రాశాను, తర్వాత మండలంలో సంఘాల్ని చూసుకునే సీసీగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి ఆఫ్రికాలోని మలావీ దేశం రాజధాని లిలాంగ్వేలో ఉద్యోగం. వాడి ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒకావిడ నా సంగతి తెలిసి, "మీ అమ్మగారిని మా ఊరికి తీసుకెళ్తాను, మా అమ్మ కూడా అదే పనిలో ఉంది" అందట. ఆ ఒక్క మాట పట్టుకుని బయల్దేరాను. ఆవిడ పేరు, ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో ఒక ఆడపిల్ల సంగతి ఉంది.

2024 జూన్ 22, శనివారం. లిలాంగ్వే

ఇక్కడ పేటలకి పేర్ల బదులు నంబర్లు. ఏరియా 2, ఏరియా 47, అలా. పక్కపక్క నంబర్లు పక్కపక్కనే ఉంటాయనుకుంటే మాత్రం తిప్పలే, ఏది ముందు కట్టారో దానికి ముందు నంబరు వేసుకుంటూ పోయారు. ఏరియా 2 పాత బజారు. అక్కడి కొట్లు చాలావరకు గుజరాతీల కుటుంబాలవి, మన పప్పులూ పసుపూ దొరుకుతాయి. భారతీయుల్ని అక్కడ 'అమ్వేన్యే' అంటారు. నన్ను చూసి పిల్లలు అదే మాట అరిచారు, తిట్టు కాదు, ఉత్త పిలుపే.

వెయ్యి క్వాచా అంటే అప్పటి మన లెక్కలో 48 రూపాయలు. గుమ్మడాకు కట్ట 300 క్వాచా. ఆకుకూరల దగ్గర కూచున్నావిడ నేను గుమ్మడాకు పట్టుకోవడం చూసి, ఇంకో చేత్తో పల్లీల పొడి పొట్లం తీసి చూపించింది, ఇది వేస్తేనే రుచి అన్నట్టు. ఆ మాట మా సీమ మనిషికి చెప్పాలా! చెనిక్కాయల పొడి లేకుండా మా ఇంట్లో ఏ ఆకుకూర దిగింది గనక. మక్కలు 50 కిలోల బస్తా 40 వేల క్వాచా చెప్పారు. నాతో వచ్చినావిడ ఆ ధర విని కాసేపు మాట్లాడలేదు. ఎల్ నినో వల్ల ఈ ఏడు వానలు మధ్యలో ఆగిపోయి చేలల్లోనే మక్క ఎండిపోయింది. మార్చిలో 28 జిల్లాల్లో 23 జిల్లాలకి అధ్యక్షుడు విపత్తు ప్రకటించాడు. కోతలైన రెండు నెలలకే బస్తా ఈ ధర ఉంటే జనవరికి ఎంత పలుకుతుందోనని ఆవిడ దిగులు.

ఆ రాత్రి ఆవిడ నాకు నాలుగు మాటలు నేర్పింది. పొద్దున ఎవరు కనిపించినా "మ్వాజుకా బ్వాంజి?" అనాలి, అంటే బాగా లేచారా అని. బాగానే లేచాను, మరి మీరు? అని వాళ్లు తిరిగి అడుగుతారు. ఆ రెండు మాటలూ అవ్వకుండా పని సంగతి ఎత్తితే మర్యాద కాదు. "జికోమో" అంటే కృతజ్ఞతలు. ఆడవాళ్లని గౌరవంగా 'అమాయి' అంటారు, అమ్మ అన్నట్టే. ముసలామెనైతే 'అగొగొ', అవ్వ. వారం రోజులు నేను అందరికీ అమాయినే.

జూన్ 23, ఆదివారం. డెడ్జా మీదుగా కిందికి

లిలాంగ్వే నుంచి డెడ్జా 85 కిలోమీటర్లు. మలావీలో ఎత్తయిన పట్టణం అదే. జూన్‌లో అక్కడ చలి ఎలా ఉంటుందో మా అబ్బాయి చెప్పినా నేను నమ్మలేదు, ఒక్క శాలువాతో వెళ్లాను. ఆఫ్రికా అంటే ఎండలే అనుకున్న నాకు దారిలో స్వెట్టర్ల మీద దుప్పట్లు కప్పుకుని ఆలుగడ్డలు అమ్మేవాళ్లు కనిపించారు. బకెట్లలో ఆలుగడ్డలు గోపురంలా పేర్చి పెడతారు. అక్కడక్కడ కుర్రాళ్లు చేలల్లో పట్టిన ఎలుకల్ని ఉడకబెట్టి, చీల్చిన కర్రలకి వరసగా గుచ్చి, వచ్చే కార్ల ముందు చూపిస్తారు. మన దగ్గర కూడా పొలాల్లో ఎలుకలు పట్టి తినేవాళ్లున్నారు కాబట్టి నాకు వింతేమీ అనిపించలేదు. నేను తినలేదు, అంతే.

ఊరుండేది మలావీ సరస్సు వైపు, అటు దిగే మలుపు మేం దాటేశాం. డ్రైవరూ ఆవిడా చిలీమా గారి గురించి మాట్లాడుకుంటూ ఉన్నారు. ఉపాధ్యక్షుడు సౌలోస్ చిలీమా జూన్ 10న విమాన ప్రమాదంలో పోయారు, ఈ దారిలోనే ముందుకెళ్తే వచ్చే న్చేవు జిల్లాలో ఆయన్ని ఖననం చేసి వారం కూడా కాలేదు. మాటల్లో మలుపు పోయింది. చాలా దూరం పోయాక ఒక ఆలుగడ్డలావిడ దగ్గర ఆగి అడిగితే, వెనక్కి పొమ్మంది, కుడివైపున్న కొట్లు చూపించి "అది మొజాంబిక్" అని కూడా చెప్పింది. ఆ రోడ్డే సరిహద్దు. ఒక పక్క ఒక దేశం, ఇంకో పక్క ఇంకో దేశం. ఆవిడ చేను అటు, ఇల్లు ఇటు. ఊరికే దారి అడిగి పోకూడదని రెండు వేల క్వాచాలకి ఆలుగడ్డలు కొన్నాం. డబ్బు అందుకునేటప్పుడు ఆవిడ మోకాళ్లు కొంచెం వంచి రెండు చేతులూ పట్టింది. అక్కడ ఏదిచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులతోనే.

కొండ దిగుతుంటే గంటలో చలి పోయింది, బావోబాబ్ చెట్లు వచ్చాయి, శాలువా తీసేశాను. ఊరు చేరేసరికి చీకటి. ఇంటి ముందు నిలబడి ఆవిడ "ఓడీ!" అని కేకేసింది. తలుపు కొట్టరు, అలా పిలుస్తారు. లోపల్నుంచి "లొవాని", రండి అని జవాబు వచ్చాకే అడుగుపెట్టాలి. అది ఆవిడ పుట్టిల్లు, అయినా పిలిచింది.

ఆవిడ అమ్మకి, అంటే మా అగొగొకి, డెబ్బై దాటి ఉంటాయి. చిన్న మనవరాలు చెంబుతో మా చేతుల మీద నీళ్లు పోసింది. పళ్లెంలో న్సిమా. చూడగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అది మా సంగటే. మక్కపిండితో చేసిన తెల్ల సంగటి. మరుగుతున్న నీళ్లలో పిండి వేసి ఇంత పొడుగు తెడ్డుతో ఇద్దరాడవాళ్లు తిప్పుతారు, గరిటె తడిపి ముద్దలు ముద్దలుగా వేస్తారు. చిన్న ముద్ద తీసి వేళ్లతో నొక్కి, గుంట చేసి, కూర అద్దుకుని తినడమే. నేను చెయ్యి పెట్టిన తీరు చూసి అగొగొ కూతురితో ఏదో అంది. "ఈమెకి నేర్పక్కర్లేదు" అందట.

జూన్ 24, సోమవారం. బడి

పొద్దున ఏడుకే వెళ్లాం. జెండా సగం ఎత్తులో ఉంది, దేశమంతా సంతాప దినాలు. ఇటుక గదులు నాలుగు, తరగతులు ఎనిమిది. స్టాండర్డ్ వన్, టూ మామిడి చెట్ల కింద. ఒక చెట్టుకి బోర్డు ఆనించి ఉంది, దాని ముందు నేల మీద ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టబోయి నూట పది దగ్గర వదిలేశాను. ఒక్కరే టీచరు, పాతికేళ్లు కూడా ఉండవు. వీపున చంటిబిడ్డని చితెంజేతో కట్టుకుని అక్షరాలు చెబుతోంది. చితెంజే అంటే అక్కడి రంగురంగుల బట్ట, ఆడవాళ్లు నడుముకి చుట్టుకుంటారు, దానితోనే బిడ్డని కడతారు, మూటా కడతారు, చలికి కప్పుకుంటారు.

1994లో ఈ దేశంలో ప్రాథమిక విద్యని ఉచితం చేశారు. 19 లక్షలున్న పిల్లల సంఖ్య ఒక్కసారిగా 30 లక్షల దాకా పోయింది. గదులు, టీచర్లు ఆ వేగంతో రాలేదు, ముప్పై ఏళ్లయినా ఆ లోటు ఆ చెట్ల కింద కనిపిస్తూనే ఉంది. అయితే స్టాండర్డ్ ఎయిట్ గదిలోకి వెళ్తే జాగా ఉంది. చెట్టు కింద అంతమంది ఉన్నారు కదా, ఇక్కడ ముప్పై చిల్లర ఉన్నారేంటి? మిగతావాళ్లంతా దారిలో రాలిపోయారు. ఆడపిల్లలు పదకొండు మందే.

వంటశాల బడి వెనక. పొద్దున నాలుగింటికే పొయ్యి వెలిగించారట. మక్క, సోయా కలిపిన పిండితో చేసే 'లికుని ఫాలా' అనే గంజి. మలావీలో బడి గంజి అనగానే అందరూ మేరీస్ మీల్స్ పేరే చెబుతారు, 2002లో ఆ సంస్థ పని మొదలైంది ఈ దేశంలోనే. ఈ ఊళ్లో మాత్రం తల్లులే ఇంటికింత మక్కా సోయా వేసి నడుపుకుంటున్నారు. ఏ వారం ఏ వాడ వాళ్లు వండాలో వంటశాల గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. రాలేనావిడ కట్టెల మోపు పంపాలి, అది రూలు.

నన్ను ఆపేసింది హెడ్‌మాస్టర్ గారు చూపించిన హాజరు పట్టిక. కరువు వల్ల మక్క తగ్గిపోయి గంజి వారానికి మూడు రోజులకి దించారు. సోమ, బుధ, శుక్ర. పట్టికలో ఆ మూడు నిలువు గీతలూ నిండుగా ఉన్నాయి, మంగళ, గురువారాలు ఖాళీ ఖాళీగా ఉన్నాయి. ఏ సర్వే అక్కర్లేదు, ఆ కాగితం చాలు. మన మధ్యాహ్న భోజనం గుడ్లు చిన్నవని, కందిపప్పు నీళ్లగా ఉందని నేనే మీటింగుల్లో ఎన్నోసార్లు గొడవపడ్డాను, ఇంకా పడాలి కూడా. కానీ అది ఆగిపోతే బడి ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో కళ్లతో చూసింది ఆ రోజే.

ఇక్కడ నావల్ల ఒక తప్పు జరిగింది. హైదరాబాద్‌లో రెండొందల పెన్నులు, చాక్లెట్లు కొనుక్కుని తీసుకెళ్లాను. గంజి అయ్యాక చెట్టు కింద పంచడం మొదలుపెట్టాను. రెండు నిమిషాల్లో పిల్లలు మీద పడిపోయారు, చిన్నవాళ్లు కింద పడ్డారు, ఒక పాపకి మోచెయ్యి గీసుకుపోయింది. హెడ్‌మాస్టర్ గారు కోప్పడలేదు. మిగిలినవి ఆఫీసులో ఇవ్వండి, పరీక్ష రోజున తెచ్చుకోలేనివాళ్లకి వాడతాం, అన్నారు. ముందు ఆయన్ని అడిగి ఉంటే సరిపోయేది. ఎవరైనా అలాంటి బడికి వెళ్తే దయచేసి చేతికి చేతికి పంచకండి.

జూన్ 25, మంగళవారం. వసారాలో బ్యాంకు

దీని కోసమే వెళ్లాను కాబట్టి ఎక్కువే రాస్తాను.

'బాంకి మ్ఖొండే' అంటారు, వసారాలో బ్యాంకు అని అర్థం. నిజంగా వసారాలోనే. మధ్యాహ్నం రెండింటికి 22 మంది ఆడవాళ్లు చాపల మీద గుండ్రంగా కూచున్నారు. నాకు కుర్చీ వేశారు, నేను చాప మీదే కూచుంటానంటే ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది, అతిథిని కింద కూచోబెట్టామని రేపు ఊరంతా అంటారట. చివరికి అగొగొ జరిగి తన చాప మీద చోటిచ్చింది.

మధ్యలో ఇనప పెట్టె. దానికి మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో ఆవిడ ఇంట్లో. నలుగురూ వస్తే తప్ప తెరుచుకోదు. అగొగొ ఒక తాళంచెవి మనిషి, మెడలో దారానికి కట్టుకుని ఉంది. ఒక్కొక్కరినీ నంబరుతో పిలుస్తారు. వాటా 500 క్వాచా, వారానికి ఒకటి నుంచి అయిదు వాటాల దాకా కొనుక్కోవచ్చు. ఎన్ని వాటాలు కొంటే పాస్‌బుక్కులో అన్ని ముద్రలు వేస్తారు. చదువు రాని మనిషి కూడా ముద్రలు లెక్కపెట్టుకోగలదు, మోసం చెయ్యలేరు. నేను ఎన్ని వందల పాస్‌బుక్కులు రాశానో నాకే తెలీదు. వాటిలో అంకెలు చదవలేక "అక్కా, ఎంతుందో చెప్పు" అని మళ్లీ నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఈ ముద్రల ఉపాయం మాకెవరికీ ఎందుకు తట్టలేదో!

ఆపద నిధికి వేరే గిన్నె, మనిషికి వంద క్వాచా. చావు, జబ్బు వస్తే తీసిస్తారు, వడ్డీ లేదు. ఆలస్యంగా వచ్చినావిడ 200 జరిమానా వేసి కూచుంది. తర్వాత అప్పులు. వేసుకున్న పొదుపుకి మూడు రెట్లు దాకా అప్పు, నెలకి నూటికి పది వడ్డీ. నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను, నూటికి పది! మా పావలా వడ్డీ గుర్తొచ్చింది. అధ్యక్షురాలు నా మొహం చూసి చెప్పింది: "ఆ వడ్డీ ఎవరికి పోతుందమాయి? ఏడాది ఆఖర్న పెట్టె తెరిచి మేమే పంచుకుంటాం." పోయినేడు ఎక్కువ వాటాలున్నావిడకి లక్షా నలభై వేల క్వాచాలు వచ్చాయి. మన డబ్బుల్లో ఆరు వేల ఏడొందలు. అప్పటిదాకా ఆవిడ ఒక్కసారిగా అంత డబ్బు చేత్తో పట్టుకోలేదట.

ఈ పద్ధతి పుట్టింది పశ్చిమ ఆఫ్రికాలో. 1991లో నైజర్ దేశంలో మరాడి అనే చోట కేర్ సంస్థ ఆడవాళ్లతో మొదలుపెట్టింది, అక్కణ్నుంచి ఆఫ్రికా అంతా పాకింది. మన డ్వాక్రా అంతకు ముందే, 1982లో. బ్యాంకు లింకేజీ 1992లో వచ్చింది. మా జిల్లాలో ఓర్వకల్లు ఆడవాళ్లు చేసింది చూడటానికి ఎక్కడెక్కణ్నుంచో వచ్చేవాళ్లు. అంటే సుమారు అదే కాలంలో, ఒకళ్ల ముచ్చట ఒకళ్లకి తెలీకుండా, రెండు చోట్లా ఆడవాళ్లు చాపలు పరుచుకుని కూచున్నారు. కాకపోతే దారులు వేరు. మేం పొదుపు తీసుకెళ్లి బ్యాంకులో వేస్తాం, దాన్ని చూపి పెద్ద లోను తెచ్చుకుంటాం, పొదుపు పంచుకోం. వాళ్లకి బ్యాంకు లేదు, అందుకే ఏడాదికోసారి పెట్టె ఖాళీ చేసి మళ్లీ మొదలుపెడతారు.

ఇది చెబితే ఒకావిడ అడిగింది: "పంచుకోరా? మరి ఆ డబ్బు మీదని మీకు ఎట్లా తెలుస్తుంది?"

బ్యాంకు కాగితం ఇస్తుంది అన్నాను. అన్నానే గానీ నాకు మా మండలంలో జరిగింది గుర్తొచ్చింది. ఒక సంఘం పదేళ్ల పొదుపుని, అందులో ఇద్దరి పాత బాకీ కింద, వాళ్లకి చెప్పకుండా ఒక బ్యాంకు బ్రాంచి జమ చేసేసుకుంది. ఆ ఆడవాళ్లతో నేను ఎనిమిది నెలలు తిరిగాను, సగమే తిరిగొచ్చింది. అది కూడా చెప్పాను, దాచడం న్యాయం కాదనిపించింది. అలాగే మా దగ్గర పెద్ద లోనుతో ఇల్లు కట్టుకున్నవాళ్లు, గేదెలు కొన్నవాళ్లు, పిల్లని ఇంజనీరింగ్ చదివించినవాళ్లు ఉన్నారనీ చెప్పాను. ఆరు వేల ఏడొందలతో అది అవ్వదు. రెండు మాటలూ నిజమే.

చివర్లో తగువు వచ్చింది. పెట్టె పంపకం ఎప్పుడు? ఎప్పుడూ డిసెంబర్‌లోనే, ఆకలి నెలలు మొదలయ్యేది అప్పుడే. ఈసారి సెప్టెంబర్‌లోనే పంచాలని కొందరు. బడి ఏడాది మొదలయ్యేది సెప్టెంబర్‌లో, ఫార్మ్ వన్‌కి, అంటే సెకండరీ మొదటి తరగతికి, పోవాల్సిన పిల్లలకి డబ్బు అప్పుడే కావాలి. సెకండరీలో కొన్ని ఫీజులు 2018లో ఎత్తేసినా, యూనిఫాం, నోటుబుక్కులు, అన్నిటికన్నా మించి ఉండటానికి చోటు ఇంటివాళ్లే చూసుకోవాలి. బడి దూరమైతే ఆడపిల్లలు అక్కడ గది అద్దెకి తీసుకుని సొంతంగా వండుకుంటూ ఉంటారు. పద్నాలుగేళ్ల పిల్ల ఒంటరిగా గదిలో ఉంటే ఏమవుతుందో తల్లులకి తెలుసు. మంచి గదికి డబ్బు ఎక్కువ. "సెప్టెంబర్‌లో పంచేసుకుంటే జనవరిలో ఏం తింటారు?" అని ఇంకోవైపు వాళ్లు. ఇద్దరు లేచి నిలబడి అరుచుకున్నారు. అగొగొ మాత్రం ఏమీ అనలేదు. నన్ను సలహా అడిగారు. ఆకలి వాళ్లది, పెట్టె వాళ్లది, నేను చెప్పనన్నాను. నిర్ణయం వాయిదా పడింది.

జూన్ 26, బుధవారం. ఒక ఇల్లు

ప్రతి బడికీ ఒక తల్లుల బృందం ఉంటుంది. బడి మానేసిన ఆడపిల్లల ఇళ్లకి వెళ్లి మాట్లాడటం, పాత చితెంజేలతో నెలసరి గుడ్డలు కుట్టడం వాళ్ల పని. బిడ్డ పుట్టాక కూడా ఆడపిల్ల తిరిగి బడికి రావచ్చని 1993 నుంచే ఈ దేశంలో నియమం ఉంది, కానీ ఆ మాట ఇంటిదాకా తీసుకెళ్లేది వీళ్లే. ముగ్గురితో కలిసి నేనూ వెళ్లాను.

పిల్లకి పదిహేనేళ్లు. స్టాండర్డ్ సెవెన్. ఏప్రిల్‌లో మానేసింది. మేం వెళ్లేసరికి రోట్లో మక్కలు దంచుతోంది, మమ్మల్ని చూసి రోకలి ఆపలేదు. తల్లి చాప పరిచింది. చేతులు దొప్పలా చేసి మెల్లగా చప్పట్లు కొట్టి పలకరించుకున్నారు. ఆరోగ్యం, వాన, చిలీమా గారి చావు, అన్నీ అయ్యాక గానీ అసలు మాట రాలేదు. సెంటర్‌లో కొట్టు పెట్టుకున్న ఒకతను పిల్లకి సబ్బు, డబ్బు ఇస్తున్నాడట. పెళ్లి మాట రాలేదంటుంది తల్లి. ఏదైనా అడగాలంటే మలుమేని అడగండి అంది.

మలుమే అంటే మేనమామ. ఇక్కడి చేవా వాళ్లలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది, భూమి తల్లి నుంచి కూతురికి పోతుంది, పెళ్లయ్యాక మగాడే భార్య ఊరికి వస్తాడు. అంత హక్కున్నా ఆ ఇంటి ఆడవాళ్లందరి తరఫున మాట్లాడే మనిషి మాత్రం మేనమామే. మన దగ్గర మేనమామ లేందే పెళ్లిపీట కదలదు కదా, ఇక్కడ అంతకు మించి. ఆయన్ని పిలిపించారు. నలభై ఏళ్ల మనిషి, టోపీ తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు.

బృందం పెద్దావిడ గొంతు పెంచలేదు. పెళ్లి వయసు పద్దెనిమిది, 2015లో చట్టం చేశారు. అప్పటికీ అమ్మానాన్నలు ఒప్పుకుంటే పదిహేనేళ్లకే చెయ్యొచ్చన్న మాట రాజ్యాంగంలో ఉండిపోయింది, 2017లో అదీ తీసేశారు, అని చెప్పింది. తర్వాత ఊరి కట్టుబాటు చెప్పింది, పిల్లని బడి మాన్పిస్తే ఇంటివాళ్లు మేక జరిమానా కట్టాలి. ఈ వైపు కాచిందామోటో గారి మాటకి విలువ ఎక్కువ ఉండేది. తెరెసా కాచిందామోటో డెడ్జా జిల్లాలో పెద్ద చీఫ్‌గా ఉండేది, చాలా ఏళ్లు జోంబాలో సెక్రటరీగా ఉద్యోగం చేసుకుంటున్న ఆవిణ్ని పిలిచి చీఫ్‌ని చేశారు. తన కిందున్న యాభై మంది చీఫ్‌లతో బాల్యవివాహాలు చెయ్యబోమని సంతకాలు పెట్టించింది, మాట తప్పిన వాళ్లని పదవిలోంచి పక్కన పెట్టింది, 2016కల్లా 850కి పైగా పెళ్లిళ్లు రద్దు చేసి ఆ పిల్లల్ని బడికి పంపింది. మా ఊళ్లో ఏ సర్పంచైనా, ఏ పెద్ద మనిషైనా సొంతవాళ్లతో అంత గట్టిగా నిలబడటం నేను చూడలేదు.

మేనమామ అంతా విన్నాడు. "బడికి పంపుతాను. సబ్బు ఎవరిస్తారు?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయారు. ఆ పిల్ల అప్పుడు రోకలి ఆపింది.

జూన్ 27, గురువారం. మువా

దగ్గర్లోనే మువా మిషన్ ఉంది, 1902లో పెట్టింది. అక్కడ ఫాదర్ క్లాడ్ బుషే 1976లో మొదలుపెట్టిన కుంగోని కేంద్రంలో చేవా, న్గోని, యావో జనాల ఆచారాలన్నీ బొమ్మలుగా, ముసుగులుగా దాచిపెట్టారు. ఒళ్లు అలసిపోయి ఎక్కువ తిరగలేకపోయాను. సమర్తాడిన పిల్లలకి పెద్దాడవాళ్లు జరిపే 'చినమ్వలి' గురించి చూపించారు. పైన డెడ్జా దగ్గర చొంగోని కొండల్లో ఆడవాళ్లు ఆ వేడుకల్లో తెల్లమట్టితో వేసిన బొమ్మలు ఇంకా ఉన్నాయి, 2006లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. నాతో వచ్చినావిడ అంది, "ఆ వేడుకలో నాకు నేర్పినవాటిలో కొన్ని నేను నా కూతురికి చెప్పను. కానీ అన్నీ పారేయలేను, మా అమ్మమ్మ పాటలు దాంట్లోనే ఉన్నాయి." ఆ మాట మీద చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

జూన్ 28, శుక్రవారం. సరస్సు ఒడ్డు

సంఘంలో అప్పు తీసుకున్న ఒకావిడతో తెల్లవారుజామునే సరస్సుకి వెళ్లాం. సముద్రం లాగే ఉంది, అలలతో సహా. ఒడ్డు పొడుగునా తడకల మీద వెండిరంగు చిన్న చేపలు ఎండుతున్నాయి, వాటి పేరు ఉసిపా. అచ్చం మన ఎండు నెత్తళ్లే, వాసన కూడా అదే. ఆవిడ ముప్పై వేల క్వాచా అప్పు తెచ్చి, పడవలు రాగానే పచ్చివి కొని, రెండు రోజులు ఎండబెట్టి, డెడ్జా తీసుకెళ్లి అమ్ముతుంది. అన్నీ బాగుంటే ఒక్కో విడతకి పన్నెండు వేలు మిగులుతుంది. మబ్బు పడితే కుళ్లిపోతాయి, అప్పు అలాగే ఉంటుంది. భర్తకి చెప్పే చేస్తావా అని అడిగాను. "మొదట్లో అడిగేదాన్ని. ఇప్పుడు చెబుతాను" అంది. అడగడానికీ చెప్పడానికీ మధ్య ఆవిడకి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో ఇద్దరు కూతుళ్లూ ఒక్క టర్మ్ కూడా మానలేదు.

ఒడ్డునే టమాటాలు వేసి ఉసిపా వండింది. నేను వెంట తెచ్చుకున్న ఎండుమిరపకారం రవ్వంత కలిపాను. ఆవిడకి కళ్ల నీళ్లొచ్చాయి, మళ్లీ అడిగి వేయించుకుంది. పొట్లం అక్కడే ఇచ్చి వచ్చాను.

జూన్ 29, శనివారం. తిరుగు దారి

బయల్దేరేటప్పుడు అగొగొ రెండు చేతులతో ఒక చిన్న మూట ఇచ్చింది, పల్లీలు. కరువులో వాళ్లకి మిగిలిన కొద్ది పంటలో అది. వద్దనబోతే కూతురు నా చెయ్యి నొక్కింది, వద్దంటే అవమానమట. తీసుకున్నాను. కొంచెం దూరం మాతో నడిచి వచ్చింది అగొగొ, అతిథిని గుమ్మం దగ్గర వదిలేయరు, దారిలో పెట్టి వెనక్కి వెళ్తారు.

ఇంటికొచ్చిన మూడో రోజు, అంటే నిన్న, అబ్బాయి ఆఫీసులో ఆవిడ వాయిస్ మెసేజ్ పెట్టింది. సంఘం మళ్లీ కూచుందట. పంపకం డిసెంబర్‌లోనే, అది మార్చలేదు. దాంతోపాటు ఇంకో పెట్టె మొదలుపెడుతున్నారు, మనిషికి వారానికి వంద క్వాచా, 'సుకులు' కోసం. సుకులు అంటే బడి. నేను వెంటనే లెక్క వేశాను, 22 మంది, సెప్టెంబర్‌కి పది వారాలు, 22 వేల క్వాచా, మన వెయ్యి రూపాయల పైన కొంచెం. మంచి గదికి చాలదు. నోటుబుక్కులకి, సబ్బులకి వస్తుంది. ఆ స్టాండర్డ్ సెవెన్ పిల్ల సోమవారం గంజి రోజున బడికి వచ్చిందట, మంగళవారం రాలేదట. తల్లులు శనివారం మళ్లీ వెళ్తున్నారు.

కొత్త పెట్టె అంటే పాత బిస్కెట్ డబ్బానే, ఒక్క తాళమే పడుతుంది. మిగతా రెండు తాళాలకి కొక్కేలు వేయించేదాకా ఒక్క క్వాచా కూడా అందులో పడనివ్వనని అగొగొ పట్టుబట్టి కూచుందట.